స్కొరాన్‌స్కీని లెఫ్ట్ టాకిల్‌కి మార్చాల్సింది కదా? (అమెరికన్ ఫుట్‌బాల్, టెనెసీ టైటన్స్ లైన్ గురించి, 2025 వేసవి)

కంబర్లాండ్ గట్టు:

అందరికీ నమస్తే. నాష్‌విల్ పక్కన తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, టైటన్స్ గేమ్ ఒక్కటి కూడా వదలను. పోయిన సీజన్ (2024) 3 గెలిచాం, 14 ఓడాం. ఓటముల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మన లైన్, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగా నిలబడే ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిళ్ళు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని తల పైకెత్తేలోపే మీద ఎవడో ఒకడు పడుతున్నాడు. కుడివైపు సీజనంతా మనుషులు మారుతూనే ఉన్నారు. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్‌ని తెచ్చుకున్నాం. ఈ కుర్రాణ్ణి కూడా ఇలాగే నలగ్గొట్టిస్తామా అని నాకు నిజంగానే భయంగా ఉంది.

నా ప్రశ్న ఇది. 2023లో 11వ పిక్‌తో పీటర్ స్కొరాన్‌స్కీ వచ్చాడు. నార్త్‌వెస్టర్న్‌లో మూడేళ్ళూ లెఫ్ట్ టాకిలే. రాగానే చేతులు పొట్టి అని, 32 అంగుళాల పావే ఉన్నాయని లెఫ్ట్ గార్డ్‌గా పెట్టారు. 2024లో 7వ పిక్‌తో జేసీ లేథమ్ వచ్చాడు. అతను అలబామాలో రెండేళ్ళూ రైట్ టాకిల్. అతన్నేమో తెచ్చి లెఫ్ట్ టాకిల్ చేశారు! ఏడాది తిరిగేసరికి మళ్ళీ కుడివైపుకి పంపి, స్టీలర్స్ నుంచి డాన్ మూర్‌ని 4 ఏళ్ళకి 82 మిలియన్ డాలర్లు పెట్టి తెచ్చారు. మూర్ పోయినేడాది లీగ్‌లో ఎక్కువ శాక్‌లు (బంతి చేతిలో ఉండగానే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఇచ్చిన టాకిళ్ళలో ఒకడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు లేదూ ఇది? కాలేజీలో మూడేళ్ళు ఆ చోటే ఆడినవాడు పక్కనే ఉన్నాడు కదా.

చేతుల సంగతి అంటారా, నార్త్‌వెస్టర్న్‌లో ఇతని కంటే ముందు అదే చోట ఆడిన రషాన్ స్లేటర్‌వి 33 అంగుళాలే. చార్జర్స్‌లో లెఫ్ట్ టాకిల్‌గా మొదటి ఏడాదే ప్రో బౌల్‌కి (ఏటా మేటి ఆటగాళ్ళని ఎంచే గౌరవం) వెళ్ళాడు. పైగా స్కొరాన్‌స్కీ వాళ్ళ తాత బాబ్ స్కొరాన్‌స్కీ కోచ్ లాంబార్డీ కాలపు ప్యాకర్స్‌కి లెఫ్ట్ టాకిల్, మొదటి రెండు సూపర్ బౌల్స్ గెలిచిన జట్టులో. తాత ఆడాడు కాబట్టి మనవణ్ణి ఆడించమని కాదు నేననేది, ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఆ చోటు గురించి ఒకరు నేర్పక్కర్లేదు అని.

ఎలాగూ జట్టుని మళ్ళీ మొదటి నుంచి కడుతున్నాం, ఈ ఏడాది కూడా సూపర్ బౌల్‌కేమీ వెళ్ళం. మార్పులు చేసి చూడ్డానికి ఇంతకంటే మంచి టైమ్ ఏముంటుంది? లైన్ గురించి బాగా తెలిసినవాళ్ళు చెప్పండి, తప్పుంటే సరిదిద్దండి.


74 నంబర్ నాన్న:

నమస్తే బ్రదర్. నేను టెక్సస్‌లో ఉంటాను, మా అబ్బాయి హైస్కూల్ జట్టులో లైన్‌మన్. వాడి వల్లే నేను బంతిని చూడ్డం మానేసి లైన్‌ని చూడ్డం నేర్చుకున్నాను. మీ పోస్ట్‌లో రెండు వేర్వేరు మార్పులు ఒకటిగా కలిసిపోయాయి, ముందు వాటిని విడదీద్దాం.

ఒకటి, కుడి నుంచి ఎడమకి. లేథమ్‌కి చేసింది అది. రెండోది, అదే వైపు ఉంటూ లోపలి నుంచి బయటికి, అంటే గార్డ్ నుంచి టాకిల్‌కి. స్కొరాన్‌స్కీకి మీరు చెయ్యమంటున్నది అది. రెండిటిలోనూ కష్టం ఉంది కానీ ఒకే రకం కష్టం కాదు.

మొదటిది నా కళ్ళతో చూశాను. రెండేళ్ళ క్రితం సీజన్ మధ్యలో లెఫ్ట్ టాకిల్ ఆడే సీనియర్ కుర్రాడికి మోకాలు దెబ్బతింటే, రైట్ టాకిల్ ఆడుతున్న మావాణ్ణి అటు మార్చారు. వారం రోజులు సాయంత్రం డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో గీతలు గీసి ప్రాక్టీస్ చేశాం, నేను సోఫా కుషన్ పట్టుకుని రషర్‌లా (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చే ఎదుటి జట్టువాడిలా) పరిగెత్తుకొచ్చేవాణ్ణి. రైట్ టాకిల్‌కి కుడికాలు వెనక ఉంటుంది, స్నాప్ పడగానే (సెంటర్ బంతిని వెనక్కి అందించగానే) ఆ కుడికాలితో వెనక్కి జరుగుతూ ఎడమకాలితో నేలని తొయ్యాలి. లెఫ్ట్‌కి వస్తే మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మావాడు మెల్లగా చేసినప్పుడు అంతా కరెక్టే. నేను కాస్త వేగంగా వచ్చానా, ఎడమకాలు గీత మీద పడాల్సింది గీతకి జానెడు లోపల పడేది, నడుము తలుపు తీసినట్టు బయటికి తెరుచుకునేది, నేను కుషన్‌తో సహా వాడి లోపలి భుజం పక్కనుంచి వెళ్ళిపోయేవాణ్ణి. నలభై ఆరేళ్ళ వాణ్ణి నేనే వెళ్ళగలిగానంటే ఇక ఆలోచించండి.

దీన్ని మా ఆవిడకి ఇలా చెప్పాను, వెంటనే అర్థమైంది. ఇక్కడ పన్నెండేళ్ళుగా కారు నడుపుతున్నాం. హైదరాబాద్ వెళ్ళి మావయ్య గారి కారు తీస్తే మలుపు దగ్గర ఇండికేటర్ వెయ్యబోయి వైపర్ వేస్తాం. ఏది ఎటుందో బుర్రకి తెలుసు. ఖాళీ రోడ్డు మీద చెయ్యి కరెక్టుగానే వెళ్తుంది. వెనకనుంచి బస్సువాడు హారన్ కొట్టినప్పుడే చెయ్యి పాత చోటికి పోతుంది. లైన్‌మన్‌కి ప్రతి ప్లేలోనూ వెనక బస్సు ఉన్నట్టే, ఉన్న టైమ్ రెండున్నర సెకన్లు. మావాడికి ఆ మార్పు వంటబట్టడానికి మూడు వారాలు పట్టింది, అలవాటయ్యేసరికి మళ్ళీ గార్డ్‌కి మార్చారు. ఆ రోజు ఇంటికొచ్చి మోచేతి మీద ఐస్ పెట్టుకుని పెరుగన్నం తింటూ "నాన్నా, నాకు ఏదీ సరిగ్గా రాదేమో" అన్నాడు. కోచ్ మీద నాకున్న కోపం అదొక్కటే. పిల్లాడికి అసలు ఏదొచ్చో వాడికే తెలియకుండా చేశారు.

రెండో మార్పు, గార్డ్ నుంచి టాకిల్. గార్డ్‌కి ఎదుటివాడు స్నాప్ పడిన క్షణంలో ఛాతీ మీద ఉంటాడు, వాడు 300 పౌండ్ల పైనే. అక్కడ కావాల్సింది నడుం బలం, కింద నుంచి చేతులు వేగంగా వెయ్యడం, పక్కనున్న సెంటర్‌తో కలిసి వాణ్ణి అప్పగించుకోవడం. టాకిల్‌కి ఎదుటివాడు తేలికైనవాడు కానీ బోలెడు ఖాళీలో నుంచి వస్తాడు. ఖాళీలో ముందు చెయ్యి ఎవరిది తగిలితే వాడిదే ఆట. అందుకే చేతుల పొడవు గురించి అంత గొడవ. అంగుళం తేడాకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది గానీ, ఎదుటివాడి చేతులు 34 అయినప్పుడు మీ చెయ్యి వాడి ఛాతీని తాకేలోపే వాడిది మీ భుజం మీద ఉంటుంది. స్లేటర్ ఆడుతున్నాడు నిజమే. స్లేటర్ అడుగుల వేగం వేరు, 32 పావుకీ 33కీ తేడా కూడా వేరు.

టాకిల్ నుంచి గార్డ్‌కి దిగి బాగుపడ్డవాళ్ళు చాలామంది. ఎరిక్ ఫ్లవర్స్‌ని చూడండి, 2015లో జెయింట్స్ 9వ పిక్, టాకిల్‌గా నానా మాటలూ పడ్డాడు. 2019లో వాషింగ్టన్‌లో లెఫ్ట్ గార్డ్ చేస్తే కుదురుకున్నాడు, తర్వాతి ఏడాది డాల్ఫిన్స్ మూడేళ్ళకి 30 మిలియన్లు ఇచ్చారు. గార్డ్‌గా స్థిరపడినవాణ్ణి పైకి ఎక్కించి బాగుపడ్డ కథలు అంత సులభంగా దొరకవు. మొదటి ఏడాది గార్డ్ ఆడి తర్వాత టాకిల్‌కి వెళ్ళిన లేరమీ టన్సిల్ లాంటివాళ్ళు ఉన్నారు, కానీ అక్కడ మొదటి నుంచీ ప్లాన్ అదే.


ఈరీ తీరం:

నేను క్లీవ్‌ల్యాండ్‌లో ఉంటాను, బ్రౌన్స్ అభిమానిని. మీరు అడిగిన ప్రశ్నకి మా జట్టు దగ్గర జవాబు ఉంది తమ్ముడూ, అచ్చంగా ఇదే కథ.

2017లో మేము 0-16. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. ఆ సీజన్ అయ్యాక పదకొండేళ్ళు లెఫ్ట్ టాకిల్‌గా నిలబడిన జో థామస్ రిటైర్ అయ్యాడు. పక్కన లెఫ్ట్ గార్డ్ జోయెల్ బిటోనియో. ఇతను కూడా నెవాడా కాలేజీలో లెఫ్ట్ టాకిలే, మీ స్కొరాన్‌స్కీలాగే వచ్చీరాగానే గార్డ్ చేశారు. అందరం ఏమనుకున్నాం? "ఇంకెందుకు వెతకడం, బిటోనియోని బయటికి జరిపితే సరిపోతుంది కదా." సరిగ్గా అదే చేశారు. 2018 క్యాంప్‌లో బిటోనియో లెఫ్ట్ టాకిల్, అతని చోట కొత్తగా తెచ్చిన రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) ఆస్టిన్ కార్బెట్ లెఫ్ట్ గార్డ్. ఆ కార్బెట్ కూడా నెవాడాలో లెఫ్ట్ టాకిలే ఆడినవాడు!

ఆ ప్రీసీజన్ గేమ్ చూస్తూ నాకు కడుపులో దేవినట్టయింది. ఒక్కణ్ణి జరిపితే రెండు చోట్లు కొత్తవయ్యాయి. టాకిల్ కొత్త, గార్డ్ కొత్త, వాళ్ళిద్దరి మధ్య మాట కొత్త. లోపలివాడూ బయటివాడూ దారులు మార్చుకుని వచ్చే స్టంట్ వేస్తే ఇద్దరూ ఒకడి మీదకే వెళ్ళేవాళ్ళు. ఆగస్టు చివరికి వెనక్కి తీసుకున్నారు. బిటోనియోని మళ్ళీ గార్డ్ చేసి, డెజ్మండ్ హారిసన్ అని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని రూకీని లెఫ్ట్ టాకిల్ పెట్టారు. ఎంత తెగింపు నిర్ణయమో చూడండి. హారిసన్ నిలబడలేదు, సగం సీజన్‌కి అతన్నీ మార్చారు. కానీ బిటోనియో ఆ ఏడాదే మొదటిసారి ప్రో బౌల్‌కి వెళ్ళాడు, వరుసగా 2024 దాకా ఏడుసార్లు. ఆ ఆగస్టులో మొండికేసి టాకిల్‌గానే ఉంచుంటే ఈ ఏడూ ఉండేవి కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొకటి, మీ లైన్ కోచ్ బిల్ కాలహన్ గారు ముందు మా దగ్గరే ఉన్నారు. మా దగ్గర కూడా అలబామా రైట్ టాకిల్‌ని తెచ్చి లెఫ్ట్ చేశారు, 2020లో 10వ పిక్ జెడ్రిక్ విల్స్. అందుకే లేథమ్ విషయం విన్నప్పుడు నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. విల్స్ మొదటి ఏడాది బాగానే గడిచింది, మేము 11-5, ప్లేఆఫ్‌లో పిట్స్‌బర్గ్‌ని వాళ్ళ ఊళ్ళోనే కొట్టాం. అయితే విల్స్ పక్కన ఎవరున్నారు? బిటోనియో. ఆ పక్కన సెంటర్ ట్రెటర్. ఎడమవైపు కొత్తవాడు ఒక్కడే, మిగతావాళ్ళందరూ పండిపోయినవాళ్ళు. తర్వాత దెబ్బలు తగిలాయి, విల్స్ ఆట కూడా తగ్గింది, చివరికి బెంచ్ మీదకి వెళ్ళిపోయాడు.

మీ స్కొరాన్‌స్కీ మీ బిటోనియో కావచ్చు. దయచేసి కదపొద్దని చెప్పండి.


క్యాప్ లెక్కలు:

నేను ఇక్కడ చాలామందితో విభేదిస్తాను. కంబర్లాండ్ గారు అడిగిన దాంట్లో న్యాయం ఉంది, టెక్నిక్ కష్టం అని కొట్టిపడేస్తే ఎవరూ ఎక్కడికీ కదలకూడదు.

2025 క్యాప్ (ఒక్కో జట్టు జీతాల మీద పరిమితి) 279.2 మిలియన్ డాలర్లు. మూర్ సగటున ఏడాదికి 20 మిలియన్లు దాటి తీసుకుంటాడు. లేథమ్, స్కొరాన్‌స్కీ ఇద్దరూ ఇంకా రూకీ కాంట్రాక్టుల మీద ఉన్నారు. ఇద్దరు మొదటి రౌండ్ టాకిళ్ళని చవగ్గా చేతిలో పెట్టుకుని మూడో టాకిల్‌కి మార్కెట్ రేటు కట్టారు. అదే డబ్బు పెట్టి మంచి గార్డ్‌ని తెచ్చుకోవచ్చు, బయట మార్కెట్‌లో గార్డ్ దొరికినంత తేలిగ్గా టాకిల్ దొరకడు. దొరకని సరుకు ఇంట్లో ఉంటే దాన్ని వాడుకోవడం తెలివి, అది నా వాదన.

మార్పులు పనిచేసిన కథలు కూడా చెప్పుకోవాలి కదా. పెనై సూవెల్ ఒరెగన్‌లో లెఫ్ట్ టాకిల్. 2021లో లయన్స్ 7వ పిక్‌తో తీసుకుని రైట్‌కి మార్చారు, ప్రీసీజన్‌లో తడబడ్డాడు, సీజన్ మొదలయ్యే ముందు వాళ్ళ లెఫ్ట్ టాకిల్ డెకర్ వేలు దెబ్బతింటే మళ్ళీ లెఫ్ట్, నవంబర్‌లో డెకర్ తిరిగొస్తే మళ్ళీ రైట్. లయన్స్ ఆ ఏడాది 3-13-1, మనకంటే ఏమీ గొప్పగా లేరు. అంత అటూ ఇటూ తిప్పినా ఏమైంది? 2023, 2024 రెండేళ్ళూ ఆల్-ప్రో (లీగ్ మొత్తంలో ఆ చోట మేటి అని ఎంపిక), 4 ఏళ్ళకి 112 మిలియన్ల కాంట్రాక్ట్, అదీ రైట్ టాకిల్‌గా. ట్రిస్టన్ వర్ఫ్స్ 2021లో రైట్ టాకిల్‌గా ఆల్-ప్రో, 2023లో అతని జట్టు బక్స్ లెఫ్ట్‌కి మారిస్తే 2024లో లెఫ్ట్ టాకిల్‌గా ఆల్-ప్రో.

గెలవాల్సిన జట్టు వారం వారం భయపడుతూ ఆడాలి. 3-14 జట్టుకి ఆ భయం అక్కర్లేదు. కనీసం క్యాంప్‌లో రెండు వారాలు స్కొరాన్‌స్కీని బయట నిలబెట్టి చూడాల్సింది. చూడకుండానే చెక్కు రాసేశారు, నా బాధ అది.


74 నంబర్ నాన్న:

లెక్కలు గారూ, మీరు చెప్పిన ఇద్దరూ నిజమే. ఒకసారి వాళ్ళ గురించి ఇంకొంచెం చూడండి. సూవెల్, వర్ఫ్స్ ఇద్దరూ టాకిల్ నుంచి టాకిల్‌కే మారారు, అద్దం మార్పు, గార్డ్ నుంచి కాదు. రెండోది, వర్ఫ్స్ అప్పటికే మూడేళ్ళు ఆడి ఆల్-ప్రో అనిపించుకున్నవాడు, అలాంటివాడు కూడా ఆ మార్పు అప్పుడు ఎంత టెన్షన్ పడ్డాడో తనే బయటికి చెప్పుకున్నాడు. మరి 21 ఏళ్ళ లేథమ్ సంగతేంటి?

ఇంకో సంగతి, ప్రాక్టీస్. ప్లేయర్ల ఒప్పందం ప్రకారం సీజన్ మొదలయ్యాక ప్యాడ్స్ వేసుకుని చేసే ప్రాక్టీసులు మొత్తం 14 మాత్రమే. రిసీవర్‌కి ప్యాడ్స్ లేకపోయినా ఆట వస్తుంది. లైన్‌మన్‌కి ఎదుటివాడి బరువు మీద పడితే తప్ప ఏమీ రాదు. అందుకని మార్పు నేర్చుకునేది ఎక్కడ అంటే అసలు గేమ్‌లోనే, క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళు ఫీజుగా కట్టి.

"ఎలాగూ ఓడతాం కదా, ప్రయోగాలు చేద్దాం" అనే మాట నాకు అస్సలు నచ్చదు, ఏమీ అనుకోకండి. వెనక నిలబడేది క్యామ్ వార్డ్. ఈ ఏడాది గెలుపు ఓటముల సంగతి ఎలా ఉన్నా, ఆ కుర్రాడు అడుగులు కంగారుగా వెయ్యడం, రెండో సెకనుకే పక్కకి పారిపోవడం అలవాటు చేసుకుంటే అది నాలుగేళ్ళు పోదు. మన డివిజన్‌లో హ్యూస్టన్‌కి డానియెల్ హంటర్, విల్ ఆండర్సన్ లాంటి రషర్లు ఉన్నారు. జాక్సన్‌విల్‌కి హైన్స్-ఆలెన్, ట్రావన్ వాకర్. ఒక్కొక్క జట్టుతో రెండేసి సార్లు ఆడాలి. రెండు వైపుల నుంచీ వస్తారు, కాబట్టి లెఫ్టే ముఖ్యం రైట్ ఎవరైనా సరే అనే రోజులు పోయాయి. లేథమ్ తనకి వచ్చిన వైపు నిలబడటం నా దృష్టిలో ఈ వేసవిలో టైటన్స్ చేసిన మంచి పని. 340 పౌండ్ల మనిషి, కుడివైపు కాలు తనంతట తనే వెళ్తుంది.


బోయిన్‌పల్లి నుంచి:

సికింద్రాబాద్ నుంచి రాస్తున్నాను, రాత్రి పదిన్నరకి మొదలయ్యే గేమ్‌లు నాలుగేళ్ళుగా చూస్తున్నాను. టెక్నిక్ మీ అంత తెలియదు. కానీ ఇది చదువుతుంటే మన లక్ష్మణ్ గుర్తొచ్చాడు.

జట్టులో ఓపెనర్ లేడు, మిడిలార్డర్‌లో ఖాళీ లేదు, కాబట్టి లక్ష్మణ్‌ని ఓపెనింగ్‌కి పంపారు. సిడ్నీలో 2000 జనవరిలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు, అంటే అసలు రాదని కాదు. అయినా అది అతని చోటు కాదు. ఇక ఓపెనింగ్ చెయ్యను, మిడిలార్డర్‌లో చోటిస్తేనే ఆడతానని తేల్చి చెప్పాడు. అప్పట్లో అలా చెప్పడం అంటే కెరీర్‌తో ఆడుకోవడమే, మా నాన్నగారు పేపర్ చదివి చాలా కంగారుపడ్డారు. 2001 మార్చిలో ఈడెన్‌లో మూడో నంబర్‌లో 281. ఒక్క మంచి ఇన్నింగ్స్ చూసి "చూశారా, ఇక్కడ కూడా ఆడగలడు" అనుకుంటే మనకి ఆ 281 ఉండేది కాదు.

కబడ్డీ చూసేవాళ్ళకి కూడా ఇది తెలుసు. లెఫ్ట్ కార్నర్‌ని తీసుకెళ్ళి రైట్ కార్నర్‌లో నిలబెడితే యాంకిల్ హోల్డ్‌కి దూకే కాలు, పట్టే చెయ్యి రెండూ మారిపోతాయి. మన తెలుగు టైటన్స్ అభిమానులం ఎప్పుడైనా అలా చెయ్యమని అడిగామా? ఎంతసేపూ మంచి రైట్ కార్నర్‌ని వేలంలో కొనుక్కోమనే అడిగాం.

నాకు ఒక డౌట్. స్టీలర్స్ కూడా బ్రాడరిక్ జోన్స్‌ని 2023లో 14వ పిక్‌తో తీసుకుని, లెఫ్ట్‌లో ఈ మూర్ ఉన్నాడని రైట్‌లో ఆడించారు కదా. జార్జియాలో అతను లెఫ్ట్. రెండేళ్ళు అక్కడ ఇబ్బందిపడ్డాడు, ఇప్పుడు మూర్ మీ దగ్గరికి రావడంతో అతను లెఫ్ట్‌కి వెళ్తున్నాడు. అంటే మూర్‌ని వదిలించుకోవడం వాళ్ళకి మంచిదయితే, తెచ్చుకోవడం మీకు ఎలా మంచిది అవుతుంది?


ఈరీ తీరం:

మంచి ప్రశ్న. మూర్ గొప్పవాడని నేను అనను, మా డివిజన్‌లో నాలుగేళ్ళు చూశాను, మా రషర్ మైల్స్ గారెట్ ఎదురైన రోజుల్లో అతనికి చుక్కలు కనిపించాయి. కానీ నాలుగేళ్ళూ ఒకే చోట, లెఫ్ట్‌లో, దాదాపు ప్రతి వారం ఆడాడు. టైటన్స్‌కి ఇప్పుడు కావాల్సింది అదే. మూర్ రావడం వల్ల లేథమ్ తన చోటికి వెళ్ళాడు, స్కొరాన్‌స్కీ తన చోట ఉండిపోయాడు. ఒక మామూలు ఆటగాణ్ణి తేవడం వల్ల ఇద్దరు మంచి ఆటగాళ్ళు కదలకుండా ఉన్నారు. 82 మిలియన్లలో సగం దానికే ఇచ్చారనుకోండి.


కంబర్లాండ్ గట్టు:

అందరికీ చాలా థాంక్స్, రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. నాన్న గారూ, మీరు చెప్పాక పోయిన సీజన్ గేమ్‌లు మూడు మళ్ళీ పెట్టుకుని స్కొరాన్‌స్కీని ఒక్కణ్ణే చూశాను, బంతి ఎటుపోయిందో పట్టించుకోలేదు. నేను అనుకున్నదానికంటే చాలా బాగా ఆడాడు. ఎదుటివాడు మొత్తం బరువుతో తోసినా రెండడుగులు వెనక్కి వెళ్ళి అక్కడ కుదురుకుంటున్నాడు, ఆ కుదురు నేను ఇంతకుముందు గమనించలేదు. కానీ ఒకటి రెండుసార్లు పక్కన లేథమ్ బయటివైపు ఎక్కువ జరిగిపోయి ఇద్దరి మధ్య పెద్ద సందు వచ్చింది, ఎదుటివాడు అందులోంచి దూసుకొచ్చాడు. మీరు చెప్పిన తలుపు తీసినట్టు అనే మాట అక్కడ కనిపించింది. నేను ఆ రోజు దాన్ని స్కొరాన్‌స్కీ తప్పనుకుని టీవీ ముందు అరిచాను.

సరే, స్కొరాన్‌స్కీని కదపొద్దు. ఒప్పుకుంటున్నాను. బిటోనియో కథ విన్నాక ఇంక నా దగ్గర వాదన లేదు ఈరీ అక్కా.

కానీ లెక్కలు గారి మాటలో ఒకటి నాకు ఇంకా గుచ్చుతోంది. ఇద్దరు మొదటి రౌండ్ లైన్‌మెన్‌ని తీసుకుని, మూడేళ్ళలో ఇంకా లెఫ్ట్ టాకిల్ కోసం బయటికి వెళ్ళాల్సి వచ్చిందంటే ఆ తప్పు డ్రాఫ్ట్ రోజున జరిగిందన్నమాట. 2023లో స్కొరాన్‌స్కీని గార్డ్ అనుకునే తీసుకుంటే, 2024లో లెఫ్ట్ టాకిల్ కావాలి అని తెలిసీ రైట్ టాకిల్‌ని ఎందుకు తెచ్చారు? లెఫ్ట్ టాకిల్ జో ఆల్ట్ రెండు పిక్‌ల ముందే వెళ్ళిపోయాడు, అది తెలుసు. అయినా మార్చి సరిచేస్తాం అనే ధీమాతో పిల్లాడి మొదటి ఏడాదిని పణంగా పెట్టారు. కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు కాబట్టి ఈసారి ఏ చోటికి తీసుకుంటే ఆ చోటే ఆడిస్తారని ఆశ.

నా భయం ఇప్పుడు మధ్యకి మారింది. సెంటర్ కుషన్‌బెరీకి పోయిన నవంబర్‌లో అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగింది, 300 పౌండ్ల పైబడిన మనిషికి అది మళ్ళీ మునుపటిలా అవుతుందా? రైట్ గార్డ్ కెవిన్ జైట్లర్‌కి 35 ఏళ్ళు. లేథమ్ పక్కన అతను నిలబడి నేర్పిస్తే బంగారమే, కానీ ఎన్ని వారాలు నిలబడతాడు? వీళ్ళలో ఒకరు పడితే మళ్ళీ "స్కొరాన్‌స్కీని సెంటర్ చేద్దాం" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు, నాకు తెలుసు, రెండు రోజుల క్రితం అయితే నేనే మొదలుపెట్టేవాణ్ణి.


క్యాప్ లెక్కలు:

డ్రాఫ్ట్ రోజు తప్పు అన్నది కరెక్ట్. నేను డబ్బు వైపు నుంచి చెప్పింది కూడా అదే. బిటోనియో సంగతి నాకు గుర్తే లేదు, దానితో నా వాదన కొంత బలహీనపడిందని ఒప్పుకుంటాను. అయినా మూర్‌కి అంత ఇవ్వక్కర్లేదనే అంటాను. జైట్లర్‌ని ఏడాదికే తెచ్చారు, అది మంచి పద్ధతి. లెఫ్ట్ టాకిల్‌కి కూడా అలాంటి ఏడాది మనిషిని చూసుకుని, వచ్చే డ్రాఫ్ట్‌లో అసలైన లెఫ్ట్ టాకిల్‌ని తీసుకోవాల్సింది. పుట్టుకతో లెఫ్ట్ అయినవాణ్ణి, మార్చి చేసినవాణ్ణి కాదు.


కంబర్లాండ్ గట్టు:

వచ్చే నెలాఖరుకి క్యాంప్ మొదలవుతుంది, నాష్‌విల్‌లో మెట్రో సెంటర్ దగ్గర జనాన్ని రానిచ్చే ఓపెన్ ప్రాక్టీస్ పెడితే నేనూ మా పాపా వెళ్దామనుకుంటున్నాం. లైన్‌వాళ్ళు ఒకరితో ఒకరు తలపడే డ్రిల్ దగ్గర నిలబడాలని ఉంది. నాన్న గారూ, లేథమ్ కుడివైపుకి బాగా అలవాటు పడ్డాడా లేదా అని తెలియాలంటే ఏం చూడాలి?


74 నంబర్ నాన్న:

మొదటి రెండు మూడు రెప్‌లలో ఏమీ తెలియదు, అందరూ బాగానే ఉంటారు. ఎండ ఎక్కి అలసిపోయాక చూడండి. స్నాప్ పడగానే కుడికాలు మొదట ఎక్కడ పడుతోంది, ప్రతిసారీ ఒకే దూరంలో పడుతోందా లేదా, అది చూడండి. పడిన కాలి వేళ్ళు ఎదుటికి ఉండాలి, బయటికి తిరిగి ఉంటే ఎడమవైపు అలవాటు ఇంకా పోలేదని లెక్క. రెండోది, రషర్ మొదట బయటికి వెళ్తున్నట్టు చేసి లోపలికి తిరిగినప్పుడు లేథమ్ ఎడమచెయ్యి ఎక్కడుందో చూడండి. ముందే ఛాతీ ఎత్తులో సిద్ధంగా ఉంటే భయం లేదు. నడుం దగ్గర వేలాడుతూ ఉండి అప్పుడు పైకి వస్తే, హ్యూస్టన్‌తో గేమ్ రోజు కష్టమే.

బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి, పాపకి టోపీ మర్చిపోకండి, ఆ టైమ్‌కి అక్కడ ఎండ మామూలుగా ఉండదు. మావాడికి ఈ ఏడాది మళ్ళీ రైట్ టాకిల్ ఇచ్చారు, కొత్త కోచ్ ముందే పిలిచి సీజనంతా అక్కడే అని చెప్పారట. నిన్న సాయంత్రం వాడే సుద్దముక్క తెచ్చి డ్రైవ్‌వే మీద గీత గీశాడు.